పదిహేను మంది పేర్లు

ఏలూరు కాలువ వంతెన దిగి బజారు వైపు వెళ్ళే దారిలో, పుస్తకాలు బైండు చేసే సాయిబు గారి కొట్టు పైన, మేడగదిలో మా పఠన మందిరం ఉండేది. వెయ్యి తొమ్మిదివందల ముప్ఫైల నాటి మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ట్రెయినింగు పూర్తి చేసి ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన మద్రాసులో లా చదువుతూ ఉండడంతో పుట్టింట్లోనే ఉన్నాను. మా నాన్నగారు రైల్వేలో తంతి గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యి, ఆ పఠన మందిరానికి కార్యదర్శిగా ఉండేవారు. జీతం లేని పని. అయినా ఉద్యోగం రోజుల్లో లాగే వేళకి వెళ్ళి, వేళకి తాళం వేసి వచ్చేవారు.

కింద కొట్టు గోడకి, వీధి వైపు, పెద్ద నల్లబల్ల ఒకటి బిగించి ఉండేది. మద్రాసు నుంచి వచ్చే దినపత్రికలూ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే వారపత్రికలూ చూసి, ముఖ్యమైన సంగతులు నాలుగైదు ప్రతి సాయంత్రం దాని మీద సుద్దముక్కతో రాసేవాళ్ళం. పత్రిక కొనలేనివాళ్ళు, మేడ ఎక్కి చదివే తీరిక లేనివాళ్ళు, అక్కడే నిలబడి చదువుకునేవారు. చదువు రానివాళ్ళకి ఎవరో ఒకరు పైకి చదివి వినిపించేవారు. నాన్నగారికి చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ రాసే పని నాకు వచ్చింది. నా అక్షరాలు గుండ్రంగా, అచ్చువేసినట్టు ఉంటాయని అందరూ అనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది.

ఒక ఏడాది వేసవి సెలవుల చివర, మృగశిర కార్తె ఇంకో నాలుగు రోజులుందనగా, నాన్నగారు కామవరపుకోటలో చుట్టాలింట పెళ్ళికి వెళ్ళారు. బల్ల బాధ్యత అంతా నాదే. ఆ శుక్రవారం సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి ఒక వారపత్రిక టపాలో వచ్చింది. విప్పి చూస్తే మొదటి పేజీలో, పైనే, కొల్లేటి వార్త. ఒక లంక గ్రామం పేరు వేసి, అక్కడ కలరా సోకి పదిహేను మంది చనిపోయారనీ, జబ్బు చేపల వల్ల వ్యాపించిందని జనం చెప్పుకుంటున్నారనీ, ఆ ఊరి చేపలు ఏలూరు బజారుకే వస్తాయనీ రాశారు.

నేను వెంటనే కిందకి దిగాను. బల్లకి అడ్డంగా, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశాను: ‘కొల్లేటి చేపల వల్ల కలరా. పదిహేను మంది మృతి.’ దాని కింద ఊరి పేరు. ‘జనం చెప్పుకుంటున్నారు’ అన్న మాటలకి చోటు చాలలేదు. నిజం చెప్పాలంటే, చోటు కోసం నేను వెతకలేదు. ఆ మాటలు పెడితే వార్త పలచబడుతుందనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మా ఇంట్లో చేప గడప దాటి రాదు. మా అమ్మకి ఆ వాసనే పడదు. చేపల వల్ల జబ్బు వచ్చిందంటే నమ్మడానికి నాకేమీ ఖర్చు లేదు. అదే మేము రోజూ తినే బియ్యం గురించో, పాల గురించో అయితే ఇంకోసారి చదివి ఉండేదాన్ని. ఈ ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. తరువాత చాలాసార్లు వచ్చింది.

బైండింగు సాయిబు గారు కొట్టులోంచి బయటికి వచ్చి, నేను రాసింది నెమ్మదిగా చదివారు. ఆయన మాట ఎప్పుడూ గట్టిగా వినపడేది కాదు.

"పంతులమ్మ గారూ, మేము నిన్న కూడా కొల్లేటి కొర్రమీను వండుకున్నామండీ. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పత్రిక వాళ్ళు ఎవరిని అడిగి రాశారో అందులో ఉందాండీ?"

పత్రికలో వేశారు కదండీ, అడగకుండా వేస్తారా అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి జిగురు కలుపుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు బల్ల ముందు ఎన్నడూ లేనంత మంది చేరారు. మిగతా వార్తలు మార్చాను గాని, దాన్ని అలాగే ఉంచాను. అందరూ దానికోసమే వస్తున్నారు మరి. సాయంత్రానికి ఆ మాట పక్క ఊరు వట్లూరు దాటి వెళ్ళిందని విన్నాను. మృగశిర వస్తే మా వైపు చేపలు తినేవాళ్ళు ఆ రోజు తప్పకుండా తింటారు. ఏడాదిలో చేపల బజారు అన్నిటికంటే కళకళలాడే రోజులవి. అలాంటిది శనివారం సాయంత్రానికే గంపలు నిండుగా వెనక్కి వెళ్ళిపోతున్నాయని సాయిబు గారే చెప్పారు. చెప్పి, నా వైపు చూడకుండా పనిలో పడిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం నేను మేడ మీద పత్రికలు సర్దుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నలభై ఏళ్ళ మనిషి, చేపలమ్ముకునే ఆవిడ, గంప కింద దింపి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆ బల్ల మీద రాసింది ఎవరని అడిగింది. నేనే అన్నాను. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. కోపంతో వచ్చిన మనిషే గాని, చిన్నదాన్ని చూసి కొంచెం తగ్గిందనుకుంటాను.

"మాది ఆ ఊరేనమ్మా. పదిహేను మంది చచ్చిపోయేరని రాసేరంట కదండి. ఎవరెవరో ఆ పేర్లు చెప్పండి. మా ఊళ్ళో మనిషి చచ్చిపోతే నాకు తెలవకుండా ఉండదండి."

నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు. పత్రిక తీసి మళ్ళీ చదివాను. అందులోనూ లేదు. ఆవిడ ఎదురుచూస్తూ నిలబడింది. చివరికి, నాకు తెలియదమ్మా, పత్రికలో చూసి రాశాను అన్నాను. ఆ పత్రికాయన మా ఊరు ఎప్పుడొచ్చాడని అడిగింది. అదీ తెలియదన్నాను. ఆవిడ తిట్టలేదు. రెండు రోజులుగా తన గంపా, తన తోడికోడలి గంపా అమ్ముడుపోలేదనీ, చేపలు కుళ్ళితే కాలువలో పారబోసి ఇంటికి పోతున్నామనీ మాత్రం చెప్పింది. ఆ తరువాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాన్నగారు పెళ్ళి నుంచి వచ్చారు. జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. పత్రిక తెమ్మని, నేను రాసిందానితో మాటకి మాట పోల్చి చూసుకున్నారు. ‘చెప్పుకుంటున్నారు’ అన్న దగ్గర వేలు పెట్టి ఆగారు.

"ఇది ఎక్కడికి పోయింది?" అన్నారు.

చోటు చాలలేదన్నాను. ఆయన తల ఊపారు. ముప్ఫై ఏళ్ళు తంతి బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఊరి పేరూ, అంకే వస్తే అవతలివాళ్ళకి తిరిగి కొట్టి, సరేనన్నాకే కాగితం మీద పెట్టేవాళ్ళమని అంతకుముందు ఎన్నోసార్లు చెప్పారు. ఆ రోజు మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. తాను ఊళ్ళో ఉన్నా, పత్రికలో చూశాను కదా అని రాసేవాడినేమోనన్నారు. ఇన్నాళ్ళూ అలాగే రాశామనీ, తప్పు ఇద్దరిదీ అనీ అన్నారు.

మేము కిందకి వెళ్ళేసరికి సాయిబు గారు కొట్టు కట్టేస్తున్నారు. వెంటనే తుడిచేస్తే సరిపోతుంది కదండీ అన్నారాయన. నాకూ అదే తోచింది. తుడిచేస్తే రేపటికి ఎవరికీ గుర్తుండదనుకున్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు. చదివినవాళ్ళు చదివి ఇంటికి వెళ్ళిపోయారు, వాళ్ళ బుర్రలోంచి మనం తుడవలేం కదా అన్నారు. నా చేత దాని కిందే ఇంకో వరస రాయించారు: ‘పై సంగతి మేము విచారించకుండా రాశాం. రేపు వెళ్ళి విచారించి, తెలిసింది ఇక్కడే రాస్తాం.’

మర్నాడు నేనూ వస్తానన్నాను. రావాలన్నారు నాన్నగారు. సాయిబు గారిని కూడా రమ్మని అడిగారు. చేప తినని మనం ఇద్దరమే చూసి వచ్చి చెబితే తినేవాళ్ళు ఎందుకు నమ్మాలి, సాయిబు గారు ఒక్కరే చూసి వస్తే తిననివాళ్ళు ఎందుకు నమ్మాలి అని నాన్నగారి లెక్క. సాయిబు గారు ఒక రోజు కొట్టు మూసుకుని వచ్చారు.

సోమవారం తెల్లవారగానే జట్కా కట్టించుకుని బయలుదేరాం. దారి ఉన్నంత దూరం జట్కా. అది ఆగిపోయే ఊళ్ళోనే కరణం గారి ఇల్లు. ఆ చుట్టుపక్కల లంకల చావుపుట్టుకల పుస్తకం ఆయన దగ్గర ఉంటుంది. మీకెందుకని మొదట ఆయన కొంచెం ముడుచుకున్నారు. నేను బల్ల మీద ఏం రాశానో, ఎందుకొచ్చామో నాన్నగారు ఉన్నదున్నట్టు చెప్పేసరికి, పుస్తకం తెచ్చి చదివారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. అదే పేరుతో అక్కడ రెండు ఊళ్ళున్నాయి. ఒకదాని పేరుకి ముందు ‘పెద’ అని ఉంటుంది, ఇంకోదానికి ‘చిన’ అని. పేర్లు ఇక్కడ రాయను గాని, పెద ఊరు, చిన ఊరు అంటాను. పత్రికలో రెండూ లేకుండా ఊరికే ఊరి పేరు వేశారు. ఏలూరుకి చేపలు వచ్చేది పెద ఊరి నుంచి. చనిపోయింది చిన ఊరి వాళ్ళు. పుస్తకంలో ఉన్నవాళ్ళు ఐదుగురు. కరణం గారు ఐదు పేర్లూ చదివారు. నేను కాగితం మీద రాసుకున్నాను. అందులో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. అంతవరకు నాకు అంకెగానే ఉన్న సంగతి, ఆ రెండు పేర్లు పక్కపక్కన రాస్తుంటే మారిపోయింది.

ఇక వెనక్కి వెళ్ళిపోవచ్చు కదా అనిపించింది నాకు. నాన్నగారు, పుస్తకంలోకి ఎక్కనివి కూడా ఉండొచ్చు, ఊరు చూడాలి అన్నారు.

కొల్లేటి ఒడ్డున ఆ చేపలావిడ ఎదురైంది. మేము వస్తామని రాసిన సంగతి ఎవరో చదివి చెప్పారట. ఆవిడ మొగుడు రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి మమ్మల్ని ఎక్కించుకుని, వెదురుగడతో నెట్టుకుంటూ తీసుకెళ్ళాడు. తొలకరి అప్పుడే పడింది. నీళ్ళు లోతు లేవు. రెండు వైపులా కిక్కిస గడ్డి మనిషెత్తున ఉంది. నీళ్ళ మీద అంత దూరం వెళ్ళడం నాకదే మొదటిసారి. సాయిబు గారు టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో దోనె అంచు పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

పెద ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళాం. ఇళ్ళు దిబ్బ మీద దగ్గర దగ్గరగా ఉన్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా నాన్నగారు ఒకే విధంగా అడిగారు: ఈ నెలలో ఇంట్లో ఎవరైనా పోయారా, ఎవరికైనా వాంతులూ విరేచనాలూ అయ్యాయా. సాయిబు గారు మగవాళ్ళ దగ్గర కూర్చుని అదే అడిగారు. నేను ఆడవాళ్ళని అడిగాను. అందరూ లేదనే చెప్పారు. ఉగాది తరువాత ఒక ముసలావిడ పోయింది, ఆవిడ ఏడాదిగా మంచంలోనే ఉంది.

ఇక మిగిలింది ఆ చేపలావిడ ఇల్లు. గుమ్మానికి చాప వేలాడదీసి ఉంది. లోపల ఎవరూ లేరంది ఆవిడ. అంతలో లోపల ఎవరో మూలిగారు. ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ చాప ఎత్తింది. లోపల ఆవిడ ఆడబిడ్డ, ముసలి మామగారు పడుకుని ఉన్నారు. చిన ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి వచ్చాక ఇద్దరికీ జబ్బు చేసిందట. నాలుగు రోజులు బాగా పీకింది. ఇప్పుడు గంజి దిగుతోంది, లేచి కూర్చుంటున్నారు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఈ ముక్క మటుకు రాయకండమ్మా. బతికేరు కదండి. ఇది కూడా రాస్తే ఇంక మా గంప వైపు ఎవరూ చూడరు."

నేనేమీ మాట ఇవ్వలేదు. ఇవ్వనని చెప్పే ధైర్యమూ లేకపోయింది. ఆవిడ మూడు రోజుల నష్టం నా చేతి మీదుగా జరిగింది. ఈ ఒక్క కోరిక తీరిస్తే నా తప్పు దిద్దుకున్నట్టవుతుందని మనసు లాగింది. బయటికి వచ్చాక నాన్నగారితో చెప్పాను. ఏం చేయాలో నువ్వే ఆలోచించు అన్నారు. ఆ మాట విని అప్పుడు నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

అక్కడి నుంచి చిన ఊరు. ఆవిడ ఇంటి దగ్గరే ఉండిపోయింది, మొగుడు దోనె నడిపాడు. మేము వెళ్ళేసరికి శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు అక్కడే ఉన్నారు. బావిలో మందు కలిపిస్తున్నారు. చేదతో తోడిన నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. నాన్నగారు మళ్ళీ అవే ప్రశ్నలు వేశారు. ఇన్‌స్పెక్టరు గారి కాగితంలో కూడా ఐదుగురే. పెళ్ళికి వంట చేసిన నీళ్ళు ఒక గుంటలోవి, జబ్బు ఆ నీళ్ళ వల్లే వచ్చిందని తన అభిప్రాయమన్నారు. చేపల సంగతి అడిగితే, తాను ఎవరితోనూ అలా అనలేదనీ, అనడానికి ఆధారం కూడా ఏమీ దొరకలేదనీ చెప్పారు.

తరువాత ఆయనే అడిగారు. "పెద ఊరి మీదుగా వచ్చారు కదా. అక్కడ జబ్బు పడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ? వాళ్ళు నాతో ఎవరూ లేరన్నారు."

నాన్నగారు నా వైపు చూశారు. సాయిబు గారు నేల చూశారు. దోనె గడ పట్టుకుని ఆ మనిషి నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆ గులాబి రంగు నీళ్ళ వంక చూస్తూ, పెద ఊళ్ళో కూడా ఒక బావి చూశాం కదా అనుకున్నాను.

"ఉన్నారండీ," అన్నాను. "ఇద్దరు. ఇక్కడి పెళ్ళికి వచ్చి వెళ్ళినవాళ్ళే. ఇప్పుడు తేరుకుంటున్నారు."

ఇన్‌స్పెక్టరు గారు తెల్లవారగానే మందులు తీసుకుని అక్కడికి వెళతానన్నారు. మేము తిరిగి దోనె ఎక్కాం. ఒడ్డు దగ్గరికి వచ్చాక ఆ మనిషే, మా ఇంటిదానికి నేను చెప్పుకుంటానులెండి, మా పిల్లలు కూడా ఆ బావి నీళ్ళే తాగుతారు కదండి అన్నాడు. ఆ మాటతో నా గుండె బరువు సగం దిగింది. మిగతా సగం ఆవిడ దగ్గర ఉంది.

మంగళవారం పొద్దున్న, మృగశిర మొదటి రోజు, ముగ్గురం బల్ల ముందు కూర్చుని రాయడానికి గంటకి పైగా పట్టింది. పాత వార్తలన్నీ తుడిచేసి, బల్లంతా దీనికే ఇచ్చాం. ‘చేపలు మంచివి, నిర్భయంగా తినండి’ అని చివర ఒక మాట పెడదామన్నాను నేను. వద్దన్నది చేపలు తినే సాయిబు గారే.

"మంచివని మనకేం తెలుసండీ? చేపల వల్ల వచ్చిందని చెప్పినవాళ్ళు ఎవరూ కనపడలేదు. అంతే కదండీ మనం చూసింది. అంతే రాయండి."

చివరికి రాసింది ఇది. నా పాత నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది. ‘శుక్రవారం ఈ బల్ల మీద రాసిన కొల్లేటి వార్త తప్పు. ఎవరినీ అడగకుండా రాశాం. నిన్న రెండు ఊళ్ళూ తిరిగి, కరణం గారి పుస్తకం చదివించుకుని, శానిటరీ ఇన్‌స్పెక్టరు గారిని అడిగి తెలుసుకున్నది ఇది. చనిపోయినవారు ఐదుగురు. వారు చిన ఊరి వారు. పెద ఊళ్ళో కలరాతో ఎవరూ చనిపోలేదు. చిన ఊరి పెళ్ళికి వెళ్ళి వచ్చిన ఇద్దరికి జబ్బు చేసి, నిన్నటికి తేరుకుంటున్నారు. జబ్బు గుంటనీళ్ళ వల్ల వచ్చిందని ఇన్‌స్పెక్టరు గారి అభిప్రాయం. చేపల వల్ల వచ్చిందనడానికి ఆధారం ఆయనకీ, మాకూ దొరకలేదు. ఇంతకు మించి మాకు తెలియదు.’ కింద ముగ్గురి పేర్లూ రాశాం. తప్పు వార్త ఎన్నాళ్ళు ఉందో ఇదీ అన్నాళ్ళు ఉండాలని నాన్నగారు పట్టుబట్టారు.

పది గంటలకి చేపలావిడ గంపతో వచ్చింది. చదవమంది. నేనే కిందకి దిగి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ‘ఇద్దరికి జబ్బు చేసి’ అన్న దగ్గర ఆవిడ మొహం మాడిపోయింది. అయిపోయాక, మీకు చెయ్యి పట్టుకుని చెప్పేను కదమ్మా అంది. అవునన్నాను. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

అయితే సాయంత్రం జరిగింది మేమెవరం అనుకోనిది. మా వీధిలో ఒక ప్లీడరు గారింట్లో వంట చేసే పెద్దావిడ బజారు సంచితో వచ్చి, బల్ల ముందు నిలబడి, చదువుకున్న ఒకాయన చేత రెండుసార్లు చదివించుకుంది. తరువాత నాతో ఒక మాట అంది.

"ఎవరికీ తలనొప్పి కూడా రాలేదని రాసుంటే నేను నమ్మేదాన్ని కాదండీ. ఇద్దరు పడ్డారని రాశారు కదా, అయితే మిగతాది కూడా నిజమే అయ్యుంటుంది."

ఆవిడ సంచిలో కొర్రమీను ఉంది. ఆ రోజు బజారు పూర్తిగా తేరుకోలేదు. సగం గంపలే ఖాళీ అయ్యాయని సాయిబు గారు చెప్పారు. తరువాతి రోజుల్లో కొంచెం కొంచెంగా పుంజుకుంది. పెద ఊళ్ళో ఇన్‌స్పెక్టరు గారు బావిలో మందు కలిపించి, అందరికీ కలరా సూదులు వేశారు. ఆ ఊళ్ళో ఇంకెవరికీ జబ్బు రాలేదు. సూదుల వల్లనా, మందు వల్లనా, రావాల్సింది కాకనా, అది నాకు తెలియదు.

ఆవిడ పది రోజులు మా వీధి మొహం చూడలేదు. తరువాత ఒక రోజు మెట్లెక్కి వచ్చి, ఈసారి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. ఆడబిడ్డ లేచి పనిలోకి వెళుతోందని చెప్పింది. తనకి నా మీద కోపం పోలేదనీ, కాని మొగుడు రోజూ ఆ బావి నీళ్ళ మాటే చెప్పి బుర్ర తింటున్నాడనీ అంది. అంటూనే నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక మిగిలింది ఆ వారపత్రిక. నేనూ నాన్నగారూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఆ పత్రికకి సంపాదకుడు, గుమాస్తా, అచ్చు దిద్దేవారు అన్నీ ఒక్కరే. స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ప్రెస్సు. మనిషి మర్యాదస్తుడు, మజ్జిగ ఇప్పించారు. కాని సంగతి చెప్పేసరికి మొహం ముడుచుకున్నారు. తప్పు పడిందని మొదటి పేజీలో వేస్తే పత్రిక పరువేం కావాలన్నారు. లోపలి పేజీలో, చివర, రెండు వరసలు వేస్తానన్నారు. ఈ వార్త మీకెలా వచ్చిందని నాన్నగారు అడిగారు. ఆయన వెతికి ఒక పోస్టుకార్డు తీశారు. ఎవరో ఒక విలేకరి రాసింది. అంకెల్లో ఐదు వేసి ఉంది, దాని ముందు కలం జారిన గీత ఒకటి ఉంది. అది ఒకటిలాగా కనపడి పదిహేనైంది. ఊరి పేరు ముందు ‘చిన’ అన్నది కార్డు అంచున చిన్నగా రాసి ఉంది. ఆయన కార్డు వెలుతురు వైపు తిప్పి ఆ రెండూ మళ్ళీ చూసుకున్నారు. అబద్ధం వేయాలని వేసిన మనిషి కాదని అప్పుడు నాకు నమ్మకం కలిగింది.

నేను నోటుపుస్తకం తీసి, మేము బల్ల మీద రాసింది ఆయన ముందు పెట్టాను.

"మేమూ మీలాగే తప్పు రాశామండీ. మీ వార్తలో ‘చెప్పుకుంటున్నారు’ అని ఉంది, నేను అది కూడా తీసేశాను. ఇది రాశాక మా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గలేదండీ."

ఆయన చదివారు. వచ్చే శుక్రవారం దాకా ఆలోచిస్తానన్నారు. మేము పెద్దగా ఆశ లేకుండానే రైలెక్కాం. శుక్రవారం టపా నేనే విప్పాను. మొదటి పేజీలో, పైనే, అదే చోట, అదే సైజు అక్షరాల్లో వేశారు. పోస్టుకార్డు సంగతి కూడా దాచలేదు. సాయిబు గారు ఆ పేజీని అట్ట మీద అంటించి కొట్టులో తగిలిస్తానన్నారు గాని, ఆ మనిషిని ఇంకా అవమానించడం ఎందుకని నాన్నగారు వారించారు.

ఆ తరువాత బల్లకి మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. అవి కాగితం మీద ఎప్పుడూ రాసుకోలేదు. దగ్గరి ఊళ్ళ సంగతి అయితే ఒకరిని పంపి అడిగిస్తాం. దూరం సంగతి అయితే ఏ పత్రికలో వచ్చిందో దాని పేరు పక్కన రాస్తాం. అంకెలు అక్షరాల్లో రాస్తాం. తెలియకపోతే తెలియదని రాస్తాం. తెలియదని రాసిన రోజు కొందరు నవ్వేవారు, ఆ మాత్రం దానికి బల్ల ఎందుకని. కొన్నాళ్ళకి వాళ్ళే, ఈ సంగతి అడిగి చెప్పండి అని చీటీలు తెచ్చి సాయిబు గారి కొట్టులో ఇచ్చి వెళ్ళడం మొదలుపెట్టారు.

స్కూలు తెరిచిన నెలకి తాడేపల్లిగూడెం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏలూరు సంగతులు తమకి రాసి పంపగలరా అని సంపాదకులు గారు అడిగారు. మద్రాసు నుంచి మా ఆయన, తప్పకుండా రాయమని జవాబిచ్చారు. నేను పంపిన మొదటి వార్త పెదవేగి దారిలో వానకి కోసుకుపోయిన ఒక కల్వర్టు గురించి. దానికోసం రెండుసార్లు బండి కట్టించుకుని వెళ్ళి వచ్చాను. తీరా రాస్తే నాలుగు వరసలు వచ్చింది. ఇంత తిరిగింది ఈ నాలుగు ముక్కలకా అంది మా అమ్మ. ఆ శుక్రవారం పత్రికలో ఆ నాలుగు వరసలూ ఒక్క అక్షరం మారకుండా వచ్చాయి.